గుక్క పరీక్ష

ఒక సీసా బీరు తయారయ్యేసరికి నాలుగు సీసాల మురుగు నీళ్లు తయారవుతాయి. ఈ సంగతి తాగేవాడికి తెలియదు, తెలిసినా పట్టదు. ఆ నాలుగు సీసాల బాగోగులు చూడటానికి ఫ్యాక్టరీ వెనకాల, బాయిలర్ గొట్టం దాటాక, సైకిల్ స్టాండు పక్కన శుద్ధి ప్లాంటు ఉంటుంది. పెద్దవాళ్లెవరూ అటు రారు. వచ్చినా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, ఫొటో దిగి, వచ్చిన దారినే వెళ్లిపోతారు. పందొమ్మిదేళ్లుగా ఆ ప్లాంటు ఒక ఆడమనిషి చేతిలో ఉంది. ఫ్యాక్టరీలో అందరూ ఆవిడను డాక్టరమ్మ అంటారు.

ఆవిడ చదివింది వైద్యం కాదు. కెమిస్ట్రీ డిగ్రీ, అదీ అత్తెసరు మార్కులతో. కానీ మాట తీరు మాత్రం డాక్టరుదే. "ఇవాళ వీళ్లకి కాస్త అజీర్తి చేసింది", "నిన్న పెట్టింది ఎక్కువైంది, ఈ పూట లంఖణం" అంటూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ వీళ్లెవరో అని చుట్టూ చూస్తారు.

వీళ్లంటే నల్ల గింజలు. మూడంతస్తుల ఎత్తున్న ఉక్కు ట్యాంకు ఒకటుంది, దాన్ని అక్కడ పెద్ద కడుపు అంటారు. దాని అడుగున ఆవగింజంత నుంచి మిరియమంత వరకు నల్లటి గింజలు టన్నుల కొద్దీ ఉంటాయి. ఒక్కో గింజలో కంటికి కనపడని జీవులు లక్షల్లో కాపురముంటాయి. మురుగు నీళ్లు కింద నుంచి పైకి ఎక్కుతుంటే, ఇవి అందులోని తీపినీ పిండినీ తినేసి గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసు బాయిలర్లో మండుతుంది. నీళ్లేమో పక్కనున్న గాలి తొట్టెలోకి వెళ్లి, తేరుకుని, కాలువలో కలుస్తాయి. ఆ కాలువ కిందే కాయగూరల మళ్లున్నాయి.

గింజలను ఎవరో ఇచ్చి పోలేదు. మొదట్లో ఒక్క ట్యాంకర్ బండెడు తెచ్చి పోశారు. మొదటి ఏడాదే సగం కొట్టుకుపోయాయి. మిగిలినవాటిని ఆవిడ చంటిపిల్లలను సాకినట్టు సాకి, పులుపు ఎక్కువైతే సున్నం వేసి, ఆకలేస్తే వడ్డించి, పెద్ద కడుపు నిండా చేసింది. ఈ గింజలు బాగున్నంత కాలం ఆ ప్లాంటు ఆవిడది. అవి పోతే ఆవిడా పోయినట్టే. ఈ మాట ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక ఆవిడ మొగుడు. అదే ఫ్యాక్టరీలో, మురుగుకు ఎగువన, ఈస్ట్ గదిలో పనిచేస్తాడు. బీరును పులియబెట్టేది ఈస్టే. దాన్ని చల్లగా, శుభ్రంగా, పరాయి సూక్ష్మజీవి ఏదీ చొరబడకుండా కాపాడటం ఆయన ఉద్యోగం. మొగుడూ పెళ్లాలిద్దరూ కంటికి కనపడనివాటిని పెంచేవాళ్లే. కాకపోతే ఆయనవాటికి చల్లటి స్టీలు గది, ఈవిడవాటికి బురద. ప్లాంటులో మోటార్లు చూసే ముసలాయన, పంపుల తాత అంటారు అందరూ, ఈ మాట మీద రోజుకోసారైనా నవ్వేవాడు.

"ఇంట్లో ఆయన తిన్న కంచం నువ్వే కడుగుతావు. ఇక్కడ ఆయన కడిగిన ట్యాంకు నీళ్లూ నువ్వే కడుగుతావు. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో తల్లీ."

"నీ పుణ్యం మాత్రం తక్కువా తాతా? మా ఇద్దరి మధ్యా పంపు తిప్పుతున్నావు" అనేది ఆవిడ.

గుక్క పరీక్ష ఆవిడ సొంత బుర్రలోంచి పుట్టింది. ఒక గాజు సీసాలో గుప్పెడు నల్ల గింజలు వేస్తుంది. వాటి మీద ఫ్యాక్టరీ మురుగంతా వచ్చి పడే గుంటలోంచి ఆ రోజు నీళ్లు ఒక గ్లాసుడు పోస్తుంది. మూతకు సన్నటి వంపు గొట్టం, దాని కొస నీళ్ల గిన్నెలో. గోరువెచ్చటి చోట పెట్టి గంట ఆగితే గొట్టం కొసన బుడగలు వస్తాయి. నిమిషానికి ముప్పై దాటితే ఆ నీళ్లు మంచివి, పెద్ద కడుపులోకి పంపొచ్చు. తగ్గితే అందులో ఏదో విషం ఉన్నట్టు. అప్పుడు వాల్వు తిప్పి నీళ్లను పక్క ట్యాంకులోకి మళ్లించి, అక్కడే నిలవబెట్టి, రోజుకు కాస్త చొప్పున తినిపించాలి. ముందు ఒక గుక్క తాగించి చూడటం కాబట్టి దానికి ఆ పేరు పెట్టింది. పై ఆఫీసు వాళ్లు అది చూసి మెచ్చుకుని, రోజూ నింపే షీటులో దానికి ఒక గడి గీయించారు. పొద్దున ఎనిమిదింటి పరీక్ష, బుడగల అంకె, పక్కన సంతకం.

పన్నెండేళ్ల కింద మొగుడికి ఈస్ట్ గది ఇచ్చారు. రేపు ఏ ట్యాంకు కడుగుతారో, ఏ లైనులోకి ఏ మందు పంపుతారో రాసిన కాగితం ముందురోజు సాయంత్రమే ఆ గదికి వస్తుంది. అదే కాగితం శుద్ధి ప్లాంటుకు కూడా రావాలి. వస్తుంది కూడా, కడిగిన నీళ్లు వచ్చి వెళ్లిపోయాక, మధ్యాహ్నం భోజనాల వేళకి. అందుకని పొద్దున ఇంట్లో టీ తాగేటప్పుడు ఆవిడ అడిగేది, ఆయన చెప్పేవాడు. "ఇవాళ మూడో ట్యాంకు కడుగుతున్నారు, పది దాటాక కాస్త ఘాటు నీళ్లొస్తాయి, చూసుకో." "ఇవాళ ఏం లేదు, సీసాలు కడిగిన నీళ్లే."

మొదటి ఏడాది ఆవిడ ఆయన మాటా వినేది, గుక్క పరీక్షా చేసేది. ఆయన ఏమీ లేదన్న రోజున నలభైకి తక్కువ కాకుండా బుడగలు వచ్చేవి. ఒక్కరోజు కూడా తేడా రాలేదు. మెల్లగా పరీక్ష మానేసింది. ఆయన ఏదైనా వస్తుందని చెప్పిన రోజున సీసా తీసేది. లేదన్న రోజున నేరుగా షీటులో నలభై రెండో, నలభై నాలుగో వేసి సంతకం పెట్టి, తొమ్మిదింటికి పంపు వేయించేది. అలా పదకొండేళ్లు. దాన్ని ఆవిడ నమ్మకం అనుకుంది. అందులో బద్ధకం కూడా ఉంది, అది మనం దాచడం ఎందుకు? కానీ పదకొండేళ్లలో గింజలకు ఒక్కనాడు జలుబైనా చేయలేదు.

ఆ సోమవారం టీ దగ్గర ఆవిడ ఎప్పటిలాగే అడిగింది.

"ఏమైనా ఉందా ఇవాళ?"

"ఏం లేదు." ఆయన కప్పులో చూస్తూ అన్నాడు. "సీసాలు కడిగిన నీళ్లే."

ఆవిడ ప్లాంటుకు వచ్చి, షీటులో నలభై ఒకటి వేసింది. తొమ్మిదింటికి పంపు తిరిగింది.

మధ్యాహ్నం రెండింటికి గ్యాసు మీటరు నెమ్మదించింది. ముల్లు ఇరుక్కుందేమోనని వేలితో రెండుసార్లు కొట్టి చూసింది. అంతలో బాయిలర్ ఆయన ఫోను.

"డాక్టరమ్మగారూ, మీ గ్యాసేంటి ఇలా పల్చబడిపోయింది? మంట నిలబడటం లేదు."

సాయంత్రానికి గ్యాసు సగమైంది. మంగళవారం పొద్దునకి ఆగిపోయింది. పెద్ద కడుపు పైకెక్కి మూత తీసి చూస్తే, అడుగున ఉండాల్సిన గింజలు పైకి తేలి బూడిద రంగులో కొట్టుకుపోతున్నాయి. గాలి తొట్టె మీద నురగ నడుమెత్తు లేచింది. కాలువ పొడవునా తెల్లటి నురగ. పదింటికల్లా కాయగూరల రైతులు ముగ్గురు బకెట్టులో ఆ నీళ్లు పట్టుకుని గేటు దగ్గరకొచ్చారు. అందులో ఒకావిడ బకెట్టు కింద పెట్టి, డాక్టరమ్మ మొహంలోకి చూసింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు చేసింది గుక్క పరీక్ష. గుంట అడుగున మిగిలిన నీళ్లు తీసి, పెద్ద కడుపు కింది నుంచి ఇంకా నల్లగా ఉన్న గింజలు గుప్పెడు ఏరి, సీసాలో వేసి కూర్చుంది. గంట అయింది. గంటన్నర అయింది. గొట్టం కొసన ఒక్క బుడగ రాలేదు. పంపుల తాత పక్కనే నిలబడి ఉన్నాడు కానీ జోకు వేయలేదు.

గుంటలోని నీళ్లను రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. సబ్బులా జారాయి. వాసన చూసింది. ఆసుపత్రి నేల తుడిచిన వాసన. పరాయి సూక్ష్మజీవులను చంపడానికి వాడే మందు అది, ఫ్యాక్టరీ మొత్తం మీద దాన్ని వాడేది ఒకే ఒక్క గదిలో. ఆ వాసన ఆవిడకు కొత్త కాదు. పన్నెండేళ్లుగా ఆ వాసన పట్టిన చొక్కాలు ఉతుకుతోంది.

అయినా మనసు ఒప్పుకోలేదు. షిఫ్టులో ఎవడో కొత్తవాడు పొరపాటు చేసుంటాడు, ఆయనకు తెలిసుండదు అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇంటికెళ్లి అడిగింది.

"మీ గది మందు వాసన వస్తోందండీ గుంటలో."

"ఏం లేదన్నానుగా." ఆయన చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ అన్నాడు. ఇంట్లో కూర్చుని చెప్పుల పట్టీ సరిచేసుకోవడం ఎందుకో ఆవిడ అడగలేదు.

బుధవారం మేనేజరు కబురు పంపాడు. శుక్రవారం విచారణ, సోమవారం షీటు తీసుకుని రావాలని. గురువారమంతా ఆవిడ పెద్ద కడుపుకు సున్నం పోయిస్తూ, మంచినీళ్లతో లోపలి మందును కడిగిస్తూ గడిపింది. ఎన్ని గింజలు బతికాయో తెలియదు. బతికినవాటిని నిలబెట్టాలంటే పక్కన తెలిసిన మనిషి ఉండాలి. శుక్రవారం తరవాత ఆ మనిషి తను అవుతుందో కాదో తెలియదు. ఆవిడ దిగులంతా అదే.

ఆ సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, ఆవిడ డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే మొగుడు పైకొచ్చాడు. దండెం మీది దుప్పటి ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు. బట్టలు మడతపెట్టే అలవాటు ఆయనకు లేదు.

"ఒక మాట చెప్తాను, అరవకు."

ఆవిడ అరవలేదు. ఆయన చెప్పుకొచ్చాడు. ఈస్ట్ ట్యాంకు గొట్టం ఒకటి కడగాల్సిన రోజున కడగలేదట. మర్చిపోయాడట. ఆదివారం చూసేసరికి ట్యాంకెడు ఈస్టూ పులిసి కంపు కొడుతోంది. ఈస్టుకూ బీరుకూ పెద్ద అయిన పెద్ద మాస్టారికి తెలిస్తే ఈస్ట్ గదిలోంచి తీసేసి సీసాల లోడింగుకు పంపుతాడు. అందుకని ఎవరూ చూడకముందే ఈస్టంతా మురుగులోకి వదిలేసి, ట్యాంకుకు వేయాల్సినదానికి నాలుగింతలు మందు వేసి కడిగి, అదీ వదిలేశాడు. ఇంకో ట్యాంకులోంచి మంచి ఈస్ట్ తెచ్చి నింపేశాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

"పక్క ట్యాంకులోకి మళ్లించు అని ఒక్క మాట అంటే సరిపోయేది కదండీ" అంది ఆవిడ.

"అంటే నువ్వు షీటులో రాస్తావు. ఈస్ట్ గది మందు నీళ్లు అని. ఆ షీటు పెద్ద మాస్టారు చూస్తాడు. కడగాల్సిన రోజు కాదు, ఎందుకు కడిగావని అడుగుతాడు."

"మీరు రాయొద్దంటే రాయకుండా ఉండేదాన్నేమో."

"ఉండేదానివా?"

పదకొండేళ్లుగా ఆయన మాట పట్టుకుని అంకెలు వేస్తున్న మనిషి, ఆ ఒక్క వాక్యం దగ్గర ఏం చేసుండేదో తనకే తెలియదు.

"రేపు నువ్వు పరీక్ష చేశాననే చెప్పు" అన్నాడు ఆయన. "నలభై ఒకటి వచ్చిందనే చెప్పు. షీటులో ఉంది కదా. నీళ్లలో ఏ దోషమూ లేదు, గింజలు ముసలివైపోయాయి అనుకుంటారు. కొత్తవి తెప్పించి పోస్తారు. నీకూ ఏమీ కాదు, నాకూ ఏమీ కాదు."

"గింజలకి అయింది కదండీ."

"గింజలదేముందే."

ఆ మాట ముల్లులా దిగింది. కానీ ఆ వెంటనే ఆయన దుప్పటి కొసతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఏడవడం ఆవిడ ఒకే ఒక్కసారి చూసింది, వాళ్లమ్మ పోయినప్పుడు. తప్పు చేశాడు, దాచాడు, కానీ చివరికి తన దగ్గరికే వచ్చి చెప్పుకున్నాడు కదా అనుకుంది. కట్టుకున్నవాడు ఏడుస్తుంటే నిజం పట్టుకుని వేలాడటానికి ఆవిడకు చేతులు రాలేదు.

"సరే, చేశాననే చెప్తాను" అంది.

ఆయన మొహం తుడుచుకుని, ఆ దుప్పటి తనే మడతపెట్టాడు.

శుక్రవారం పదకొండింటికి విచారణ. చల్లటి గది, పొడుగు బల్ల, మనిషి ముందు ఒక నీళ్ల సీసా. బల్లకు అటు మేనేజరు, పెద్ద మాస్టారు, మాటలు రాసుకోవడానికి ఆఫీసులో టైపు చేసే అమ్మాయి. ఇటు డాక్టరమ్మ. బల్ల చివర మొగుడు. ఆయనను ఎందుకు పిలిచారో ఆవిడకు అర్థం కాలేదు. అన్ని విభాగాల నుంచీ ఒక్కొక్కరిని పిలిచారేమో, మిగతావాళ్లు ఇంకా రాలేదేమో అనుకుంది.

మేనేజరు మర్యాదస్తుడు, గొంతు పెంచడు. సోమవారం షీటు ముందు పెట్టుకుని అడిగాడు.

"సోమవారం పొద్దున గుక్క పరీక్ష చేశారామ్మా?"

"చేశానండీ."

"బుడగలు ఎన్ని వచ్చాయి?"

"నలభై ఒకటి."

"మీరే లెక్కపెట్టారా, ఇంకెవరితోనైనా పెట్టించారా?"

"నేనే లెక్కపెట్టానండీ."

అబద్ధం మొదటిసారి బరువుగా వచ్చింది, రెండోసారి తేలిగ్గా వచ్చింది, మూడోసారి నిజంలాగే వినిపించింది. ఆవిడ బల్ల చివరకు చూసింది. మొగుడు నీళ్ల సీసా మీది చీటీ గోటితో గీకుతున్నాడు. టైపు అమ్మాయి వేళ్లు ఆగాయి. అంతా రాసుకుందన్నమాట.

మేనేజరు సొరుగు లాగి, ఒక కాగితం తీసి, ఆవిడ ముందుకు జరిపాడు.

"మరి దీనికేమంటారు?"

చేతిరాత చూడగానే గుర్తుపట్టింది. ఇరవై నాలుగేళ్లుగా బజారు చీటీల మీద చూస్తున్న రాత. 'క' రాస్తే తలకట్టు పక్కకు ఒరిగిపోతుంది. శుద్ధి ప్లాంటు ఇన్‌ఛార్జి గత పదకొండేళ్లుగా గుక్క పరీక్ష చేయకుండానే షీటులో అంకెలు వేస్తున్నట్టు తనకు తెలుసుననీ, ఫ్యాక్టరీ మేలు కోరి ఈ విషయం వారి దృష్టికి తెస్తున్నాననీ, ఇంతకాలం చెప్పనందుకు క్షమించమనీ అందులో ఉంది. కింద ఆయన సంతకం. సంతకం కింద తేదీ. బుధవారం.

ఆవిడ ఆ తేదీని రెండుసార్లు చదివింది. డాబా మీదికి ఆయన వచ్చింది గురువారం. దుప్పటిలో మొహం దాచుకుని ఏడ్చేసరికే ఈ కాగితం ఈ సొరుగులో ఉంది. మరి ముందే పట్టించేసిన మనిషి, చేశాననే చెప్పు అని కాళ్లావేళ్లా పడటం దేనికి? అర్థం కావడానికి ఆవిడకు ఎక్కువసేపు పట్టలేదు. పరీక్ష ఎందుకు చేయలేదని ఎవరైనా అడిగితే ఆవిడ నిజమే చెబుతుంది, ఆయన మాట నమ్మి చేయలేదని. ఆ మాట ఈ గదిలో ఎవరూ నమ్మకూడదు. నమ్మకూడదంటే ముందు ఆవిడ చేత నలుగురి ఎదుట అబద్ధం ఆడించాలి. ఆ పనే జరిగింది. అదీ ఒకటి కాదు, వరసగా మూడు.

కొంప ముంచేవాళ్లు కోపంతో ముంచుతారని ఆవిడ ఇన్నాళ్లూ అనుకునేది. ఏడుస్తూ కూడా ముంచుతారని ఆ గదిలో తెలిసింది.

"చేయలేదండీ" అంది.

"ఇప్పుడే చేశానన్నారు."

"అబద్ధం చెప్పాను. సోమవారం చేయలేదు. పదకొండేళ్లుగా, ఏదైనా వస్తుందని తెలిసిన రోజున తప్ప చేయలేదు. రాసుకోండి."

టైపు అమ్మాయి మేనేజరు వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

"ఏదైనా వస్తుందని మీకెలా తెలిసేది?"

"మా ఆయన చెప్పేవారు. రోజూ పొద్దున టీ తాగేటప్పుడు నేను అడిగేదాన్ని, ఏ ట్యాంకు కడుగుతున్నారో ఆయన చెప్పేవారు. ఏం లేదంటే పంపేసేదాన్ని. సోమవారం కూడా ఏం లేదన్నారు. కానీ ఆదివారం ఈస్ట్ ట్యాంకు కంపు కొడితే, ఈస్టంతా వదిలేసి, నాలుగింతలు మందు వేసి కడిగారు. నిన్న సాయంత్రం నాకు చెప్పారు."

పెద్ద మాస్టారు తల ఎత్తాడు. ముందున్న పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూసి, మూసేశాడు.

"ఆదివారం ఈస్ట్ ట్యాంకు కడిగినట్టు మా రికార్డులో లేదు" అన్నాడు. "సోమవారం ఈస్ట్ నేను స్వయంగా చూశాను. బాగుంది."

"బాగుంటుంది. ఇంకో ట్యాంకులోంచి తెచ్చి పోశారు."

మేనేజరు నిట్టూర్చి, బల్ల చివరకు తిరిగాడు.

"ఏమయ్యా, నిజమేనా? మీ ఇంట్లో ఈ విషయాలు చెప్పేవాడివా?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆ క్షణంలో కూడా, సిగ్గు విడిచి ఉన్నమాట చెప్పుకోవాలి, ఆవిడ ఆశపడింది. ఈస్ట్ సంగతి ఒప్పుకోకపోయినా పోనీ, ఉద్యోగం భయం. టీ దగ్గర మాటలనైనా ఒప్పుకుంటాడు, అందులో నేరమేముంది అనుకుంది. పదకొండేళ్ల పొద్దుటి పూటలు. ఒళ్లు బాగోలేని రోజున కూడా మంచం మీద నుంచే "నాలుగో ట్యాంకు, పదకొండింటికి" అని చెప్పిన మనిషి.

ఆయన సీసా పక్కన పెట్టాడు. నీళ్లు నమలలేదు, తడబడలేదు.

"లేదండీ. ఇంట్లో మేం ఆఫీసు సంగతులు మాట్లాడుకోమండీ."

ఆ తరవాత మేనేజరు ఏమేమి చెప్పాడో ఆవిడకు సగమే చెవిన పడింది. ఈ రోజు నుంచే ప్లాంటు బాధ్యత నుంచి తప్పిస్తున్నారు. ఉత్తరం ఇంటికి వస్తుంది. తాళాలు ఇచ్చేసి వెళ్లాలి. ఇన్నేళ్లు చేసిన పనికి కృతజ్ఞతలు కూడా చెప్పాడు, మర్యాదస్తుడు కదా. ఆవిడ సంతకం పెట్టమన్నచోట పెట్టింది. పరువు పోయినా, ఉద్యోగం పోయినా, గింజలు పోయినా ఎప్పటికైనా కోలుకునేదేమో. కానీ ఆ టీ కప్పుల దగ్గర కూర్చున్న రెండో మనిషే లేడన్నట్టు ఆయన చెప్పేశాడు. తన జీవితంలో ఇంతకాలం నిజమనుకున్నది ఒక్క ముక్కతో తీసి పారేశాడు. దానికి ఎక్కడ, ఎవరికి చెప్పుకోవాలో ఆవిడకు తెలియలేదు.

ప్లాంటుకు వెళ్లి తాళాలు పంపుల తాత చేతిలో పెట్టింది.

"సున్నం ఆపకు తాతా. పూటకు రెండు బస్తాలు. మురుగు నీళ్లు మాత్రం పెట్టొద్దు, నాలుగు రోజులు పస్తే. ఆ తరవాత వచ్చేవాళ్లెవరైనా సరే, ఎవరు ఏం చెప్పినా సరే, ముందు గుక్క పట్టి చూడమను."

"నువ్వే చెప్దువుగానిలే అమ్మా, రేపు" అన్నాడు తాత, అంతా తెలిసి కూడా.

గేటు దగ్గరకు వచ్చేసరికి రెండైంది. షిఫ్టు మారే వేళ. బాయిలర్ వాళ్లు, సీసాల లైను ఆడవాళ్లు, లోడింగు వాళ్లు డబ్బాలు ఊపుకుంటూ బయటికి వస్తున్నారు. సంగతి అప్పటికే పాకినట్టుంది, డాక్టరమ్మ కనపడగానే మాటలు తగ్గాయి. గేటు బయట మొగుడు స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు, ఇంజను ఆన్‌లోనే ఉంది.

"ఎక్కు" అన్నాడు.

ఆవిడ ఎక్కలేదు. రెండడుగుల దూరంలో నిలబడింది.

"అందరి ముందూ నా పేరు ఎత్తుతావనుకోలేదు" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. నిజంగానే నొచ్చుకున్న గొంతు అది. ద్రోహం తనకే జరిగినట్టు ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. ఈసారి ఆ నీళ్లను చూసి ఆవిడకు ఏమీ కాలేదు. "ఇద్దరం పోతే మన అమ్మాయి చదువేం కావాలి? ఒక్కరైనా మిగలాలని రాశాను. నీకిప్పుడు అర్థం కాదు. ఎక్కు, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మనం ఆఫీసు సంగతులు మాట్లాడుకోం కదండీ" అంది ఆవిడ. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. "ఏం చెప్పాలన్నా ఇక్కడే చెప్పండి."

బాయిలర్ ఆయన ఆగాడు. వెనకాల వస్తున్న సీసాల లైను ఆడవాళ్లు నలుగురు కూడా ఆగారు. మొగుడు వాళ్లను చూశాడు, ఆవిడను చూశాడు, స్కూటరు హ్యాండిలును చూశాడు. ఆవిడ భుజాన సంచి సర్దుకుని అక్కడే నిలబడింది. ఎంతసేపైనా నిలబడేలా ఉంది.

కాసేపటికి ఆయన స్కూటరు కదిలించి, ఒక్కడే వెళ్లిపోయాడు.